కొబ్బరి నీడలో అడవి ఆస్టర్: మన డెల్టాలో బతుకుతుందా, బతకకపోతే దాని చోట ఏం పెంచాలి?

కోనసీమదొడ్డి | నవంబరు 4

సభ్యులందరికీ నమస్కారం. మా ఇల్లు అమలాపురానికి దగ్గరలో, ముప్పై ఏళ్లు దాటిన కొబ్బరి తోట మధ్యన ఉంది. ఇంటికి ఉత్తరం వైపున, కొబ్బరి చెట్లకూ పాత పనస చెట్టుకూ నడుమ, పది గజాల పొడవూ నాలుగు గజాల వెడల్పూ ఉన్న జాగాలో ఏ పూల మొక్క వేసినా పొడుగ్గా సాగి, ఆకు పాలిపోయి, ఒక్క పువ్వు కూడా పూయకుండానే పోతోంది. చామంతి, బంతి, జీనియా అన్నీ అయ్యాయి. కనకాంబరం ఒక్కటే కాస్త ఓర్చుకుంది.

క్రిందటి నెలలో మా అమ్మాయి పెన్సిల్వేనియా నుంచి ఫోనులో తన పెరడు చూపించింది. పెద్ద ఓక్ చెట్ల కింద, ఎండ పొడ కూడా సరిగా పడని చోట, మోకాలెత్తు మొక్కల నిండా చిన్న చిన్న తెల్లని పూలు నక్షత్రాలు జల్లినట్టు కనిపించాయి. దానిని అక్కడ వుడ్ ఆస్టర్ అంటారని, ఎవరూ నాటకుండానే ఆ అడవుల్లో పెరిగే మొక్క అని చెప్పింది. సంక్రాంతికి వచ్చేటప్పుడు విత్తనాలు తెస్తానంటోంది. ఆ మొక్క మా కొబ్బరి నీడలో బతుకుతుందా? బతకదంటే, అదే పని చేసే మన మొక్క ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొక్కలమాస్టారు | నవంబరు 5

అమ్మా, మీరు రెండో ప్రశ్న కూడా అడిగినందుకు చాలా సంతోషించాను, ఎందుకంటే మీకు అసలు ఉపయోగపడే జవాబు అందులోనే ఉంది. ముందుగా మొదటిదానికి చెబుతాను.

మీ అమ్మాయి చూపించింది తెల్ల వుడ్ ఆస్టర్ అయి ఉంటుంది. దాని శాస్త్రీయ నామం యూరిబియా డైవారికేటా. పాత పుస్తకాల్లో ఇది ఆస్టర్ డైవారికేటస్ అని ఉంటుంది. 1994లో నెసమ్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆస్టర్ ప్రజాతిని విడదీసి పరిశీలించిన తరువాత ఉత్తర అమెరికా ఆస్టర్లలో చాలా భాగం కొత్త పేర్ల కిందికి వెళ్లాయి, పాత పేరు ప్రధానంగా ఐరోపా, ఆసియా ఖండాల మొక్కలకు మిగిలింది. ఈ మొక్క సొంత ఊరు అమెరికా తూర్పు భాగంలోని అపలాచియన్ కొండల అడవులు. అక్కడ ఆకురాల్చే చెట్ల కింద, పొడిగా ఉండే నీడలో, భూమిలో పాకే దుంపకాండంతో మెల్లగా వ్యాపించి, ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా పూస్తుంది.

ఇక్కడ దానికి రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది విత్తనానికి సంబంధించినది. చలికి ముందు రాలిన విత్తనం వెంటనే మొలిస్తే మంచులో లేత మొలక చచ్చిపోతుంది కాబట్టి, తడిగా ఉన్న నేలలో నెలా రెండు నెలల పాటు చలి అనుభవించిన తరువాత గానీ లోపలి పిండం నిద్ర లేవకుండా ఆ మొక్క తనకు తాను కట్టుబాటు పెట్టుకుంది. మన డెల్టాలో పుష్య మాసపు తెల్లవారుజామున కూడా చలి పద్దెనిమిది, ఇరవై డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రెండోది ఇంకా పెద్ద అడ్డంకి, దానిని ఎవరూ పట్టించుకోరు: వేసవి రాత్రులు. మే నెలలో మన దగ్గర రాత్రిపూట కూడా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీల వేడి, దానికి తోడు ఉక్క. పగలు ఆకు తయారు చేసుకున్న ఆహారంలో ఎక్కువ భాగాన్ని చల్లని దేశపు మొక్క వేడి రాత్రి శ్వాసక్రియలోనే ఖర్చు చేసేసుకుంటుంది. పగటి ఎండకు నీడ పట్టవచ్చు గానీ రాత్రి వేడికి పందిరి వేయలేం కదా.

విత్తనాలు తేవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, దిగుమతి అనుమతి, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విదేశాల నుంచి విత్తనాలు వెంట తీసుకురాకూడదు. విత్తనంతో పాటు కంటికి కనిపించని తెగుళ్లు వస్తాయి. కొబ్బరి మీద ఆధారపడి బతికే కోనసీమలో ఉన్న మనం ఈ జాగ్రత్తను ఇతరుల కంటే ఎక్కువగా పాటించాలి.

లంకరైతు | నవంబరు 5

మాస్టారు చెప్పింది నిజమండి. ఆస్టర్ అనే పేరు విని కొందరు పొరపడకుండా ఒక విషయం చేరుస్తాను. మన పూల మార్కెట్లలో ఆస్టర్ అని అమ్మేది చైనా ఆస్టర్. అది పూర్తిగా వేరే మొక్క, ఒక్క పంట కాలంలోనే పూసి అయిపోతుంది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వారు ఇచ్చిన కామిని, పూర్ణిమ, శశాంక్, వయొలెట్ కుషన్ వంటి రకాలు రైతులకు బాగా తెలుసు. నేను మా లంక భూమిలో చామంతి పక్కన రెండేళ్లు వేశాను. దానికి నిండు ఎండ కావాలి, నీళ్లు నిలవని ఇసుక ఒండ్రు కావాలి. కొబ్బరి నీడలో వేస్తే చామంతికి పట్టిన గతే పడుతుంది. కనుక ఆ పేరు చూసి నారు కొనకండి.

పెన్సిల్వేనియాఅమ్మాయి | నవంబరు 6

అందరికీ నమస్కారం. నేను కోనసీమదొడ్డి గారి అమ్మాయిని. అమ్మ చెబితే ఈ చర్చ చదివాను. మాస్టారు గారూ, విత్తనాలు తీసుకురాను. నియమం తెలియక అన్నాను, క్షమించండి.

ఇక్కడ ఆ మొక్క ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూసి రాస్తున్నాను, మన దగ్గర దానికి సాటి మొక్కను వెతకడానికి ఉపయోగపడుతుందేమోనని. కాడలు దాదాపు నల్లగా ఉండి, కణుపు కణుపు దగ్గరా కొంచెం వంకర తిరుగుతూ సాగుతాయి. కింది ఆకులు తమలపాకు ఆకారంలో ఉంటాయి, అంచున రంపపు పళ్లు ఉంటాయి. తెల్ల రేకులు ఒక్కో పువ్వుకు ఐదు నుంచి పది దాకా, అదీ ఎడంగా, ఒకటి రెండు ఊడిపోయాయేమో అన్నట్టుగా ఉంటాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నడిమి బొట్టు. పువ్వు విప్పిన మొదటి రోజుల్లో పసుపు పచ్చగా ఉండి, వయసు మీరే కొద్దీ కుంకుమ రంగుకు, ఆపైన ఊదా ఎరుపుకు తిరుగుతుంది. అందువల్ల ఒకే గుత్తిలో పసుపు బొట్టూ కుంకుమ బొట్టూ పక్కపక్కనే కనిపిస్తాయి. అక్టోబరులో మిగతా పూలన్నీ అయిపోయాక తేనెటీగలు దీని మీదే ఉంటాయి. నేను ఎరువు వేయను, నీళ్లు పెట్టను. రాలిన ఓక్ ఆకులను మాత్రం ఊడ్చి పారేయకుండా అక్కడే ఉంచుతాను.

కాకినాడడాబా | నవంబరు 6

విత్తనాలను తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో పెడితే చలికాలం ఇచ్చినట్టే కదా? అలా చేసి ఇక్కడ మొలిపించవచ్చు కదా అని నా సందేహం. చట్టబద్ధంగా దొరికితేనే అనుకోండి.

మొక్కలమాస్టారు | నవంబరు 7

మొలిపించవచ్చు. చలిదేశాల తోటమాలులు కూడా ఫ్రిజ్ వాడతారు. కానీ మొలిచిన మొక్కకు ఏటేటా ఒక చలికాలం కావాలి. పైభాగం ఎండిపోయి, వేరు నేలలో విశ్రాంతి తీసుకొని, వసంతంలో మళ్లీ చిగురించడం దాని జీవన క్రమం. ప్రతి సంవత్సరం కుండీతో సహా ఫ్రిజ్‌లో పెట్టడం మొక్కను పెంచడం అనిపించుకోదని నా అభిప్రాయం.

మీ అమ్మాయి రాసిన వివరాలు చాలా విలువైనవి, అమ్మా. అందులో మనం పట్టుకోవలసినవి మూడు: చెట్ల కింది నీడ, శరత్కాలంలో వచ్చే పూత, రాలిన ఆకుల దుప్పటి. ఈ మూడూ మన దగ్గర ఉన్నాయి. ఆ మొక్క ఒక్కటే లేదు. తూర్పు కనుమల అడవుల్లో చెట్ల కింద పెరిగే పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్క ఒకటి నా మనసులో ఉంది, అయితే దానిని రోజూ చూసేవారు ఈ వేదికలో ఉన్నారు. వారు చెబితే బాగుంటుంది.

ఏజెన్సీదారి | నవంబరు 9

మాస్టారు గారి సూచన అర్థమైంది. నేను రంపచోడవరం వైపు ఉపాధ్యాయుడిగా పని చేస్తున్నాను. వారు చెబుతున్నది ఏనుగడుగు మొక్క గురించి. కొందరు ఎద్దునాలుక అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ఎలిఫెంటోపస్ స్కేబర్. మొదటి మాటకు గ్రీకులో ఏనుగు పాదమనీ, రెండో మాటకు లాటిన్‌లో గరుకైనదనీ అర్థం. ఆకు మీద చెయ్యి పెట్టి చూస్తే ఎద్దునాలుక అన్న పేరు ఎందుకు పెట్టారో వెంటనే తెలుస్తుంది.

మా బడి వెనుక చింత చెట్ల కింద, కాలిబాట అంచున ఇవి చాపలా పరుచుకొని ఉన్నాయి. జానెడు పొడవున్న ఆకులు నేలకు అంటుకుపోయి, మధ్యలోంచి చుట్టూ విచ్చుకుంటాయి. ఇప్పుడు, అంటే కార్తిక మాసంలో, ఆ నడుమ నుంచి మూరెడు ఎత్తు కాడ లేచి రెండుగా, ఆ రెండూ మళ్లీ రెండుగా చీలుతుంది. కొసన మూడు చిన్న ఆకులు దోసిలి పట్టినట్టు ఉంటాయి, ఆ దోసిలిలోంచి లేత ఊదా రంగు పూలు బయటికి వస్తాయి. తెల్ల ఆస్టర్‌లా రేకులు చుట్టూ అమర్చినట్టు ఉండవు. సన్నని చీలికలు కుంచెలా నిలుస్తాయి. నిన్న ఒక్క కాడ దగ్గర పావుగంట కూర్చుంటే చిన్న తేనెటీగలు నాలుగైదు సార్లు వచ్చి వెళ్లాయి.

బడి పిల్లలు రోజూ తొక్కుకుంటూ వెళ్లినా, మేకలు తిరిగినా ఇది చావదు. కోనసీమదొడ్డి గారూ, మీ తోటలో కొబ్బరి మట్ట పడినా దీని ఆకులకు పెద్దగా దెబ్బ తగలదని అనుకుంటున్నాను, ఎందుకంటే అవి నేలమీదే పడుకొని ఉంటాయి.

కోనసీమదొడ్డి | నవంబరు 10

చదువుతుంటే చూడాలని ఉంది. కానీ కొండ మొక్కకు మా రేగడి సరిపడుతుందా?

కడియంనారు | నవంబరు 11

అమ్మగారూ, మీరు అడగవలసిన ప్రశ్న సరిగ్గా అదే. మా కుటుంబం కడియపులంకలో నర్సరీ పని చేస్తోంది. మొక్క నీడకు చచ్చిపోయిందని మా దగ్గరికి వచ్చి చెప్పేవారిలో చాలామంది మొక్కలు నిజానికి వేరు దగ్గర నిలిచిన నీటికి చచ్చిపోయినవే. ముందుగా రెండు పరీక్షలు చేయండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి సాయంత్రం నీళ్లతో నింపి, తెల్లవారి చూడండి. రెండోది, మిట్టమధ్యాహ్నం ఆ జాగాలో తెల్లటి తువ్వాలు పరిచి, దాని మీద ఎంత మేర ఎండ పొడలు పడుతున్నాయో చూడండి. కొబ్బరి తోటలో నీడ చెట్టు వయసును బట్టి మారుతుంది. ఎనిమిదో ఏడు నుంచి పాతికేళ్ల దాకా చిక్కగా ఉంటుంది, ఆ తరువాత చెట్టు ఎత్తు పెరిగి వెలుగు కిందికి దిగుతుంది. మీది ముప్పై ఏళ్ల తోట కాబట్టి, అసలు చీకటి ఆ పనస చెట్టుది కావచ్చు.

ఇంకొక మాట. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మొదలు నుంచి రెండు మీటర్ల లోపలే ఉంటాయి. ఆ పాదులో ఏదీ నాటకండి. వేళ్ల పోటీకి చిన్న మొక్క నిలవదు, చెట్టుకు ఎరువు వేసేటప్పుడు తవ్వకంలో పోతుంది కూడా.

కోనసీమదొడ్డి | నవంబరు 14

రెండు పరీక్షలూ చేశాను. గొయ్యిలో మరునాడు పొద్దున్నకు సగానికి పైగా నీళ్లు అలాగే ఉన్నాయి, అడుగున మట్టి చేతికి జిగురుగా మైనంలా అంటింది. తువ్వాలు మీద కొబ్బరి వైపు సగభాగంలో చిల్లర నాణేలు పరిచినట్టు ఎండ పొడలు పడ్డాయి, పనస వైపు సగభాగంలో ఒక్కటీ పడలేదు. ఇన్నేళ్లుగా నేను ఆ జాగా మొత్తాన్ని ఒకే నీడ అనుకున్నాను.

కడియంనారు | నవంబరు 14

అయితే కొబ్బరి వైపు సగంలోనే, పాదులకు అవతల, అడుగు ఎత్తు కట్ట పోయించండి. రెండు పాళ్లు గోదావరి ఇసుక, ఒక పాలు మీ మట్టి, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు. పశువుల గెత్తం ఎక్కువ వేయవద్దు. అడవి మొక్కకు బలం ఎక్కువైతే ఆకు పెరుగుతుంది గానీ పూత రాదు. కొబ్బరి పొట్టు వాడదలచుకుంటే పచ్చిది వాడకండి, అందులోని ఉప్పూ వగరూ పోయేదాకా కడిగి, కుళ్లబెట్టి వాడాలి. పనస కింది సగాన్ని ఈ ఏడాదికి వదిలేయండి.

రాజోలుపెరడు | నవంబరు 16

ఈ సందర్భంలో నాకు జరిగిన నష్టాన్ని చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మూడేళ్ల క్రితం ఒక నర్సరీలో దేశవాళీ పసుపు గుంటగలగర అని చెప్పి ఒక తీగ మొక్క ఇచ్చారు. నీడలో కూడా పూస్తుందన్నారు, నిజంగానే పూసింది. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి అది మా నాన్నగారు నాటిన నేలవేము, సరస్వతి ఆకు, తిప్పతీగ మొదళ్లు అన్నిటినీ కప్పేసి, ప్రహరీ కింది నుంచి దూరి పక్కన ఉన్న పంట బోదె గట్టు ఎక్కింది. నేలవేము ఒక్క మొక్క కూడా మిగలలేదు. తరువాత తెలిసింది అది వెడీలియా అని, అమెరికా ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిందని. దేశవాళీ అన్న ఒక్క మాట నమ్మి నేను ఏ వివరమూ అడగలేదు. నాన్నగారి చేతి మొక్కలు మళ్లీ రావు కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. దయచేసి అందరూ జాగ్రత్త పడండి.

మొక్కలమాస్టారు | నవంబరు 17

మీ బాధ అర్థమైంది. దానిని తేలికగా తీసుకోకూడదు. మీరు చెప్పిన మొక్క స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 దురాక్రమణ జాతుల జాబితాలో ఇది కూడా ఉంది. దీనికి మన దేశపు దాయాది ఒకటి నిజంగానే ఉంది, దాని పేరు స్ఫాగ్నెటికోలా కాలెండులేసియా. రెంటికీ పూలు పసుపే కాబట్టి ఆకులు చూడాలి. పరాయి మొక్క ఆకు సాధారణంగా మూడు తమ్మెలుగా చీలి, దట్టంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. మన మొక్క ఆకు సన్నగా ఈటె ఆకారంలో ఉంటుంది, పూలు కూడా కొంచెం చిన్నవి. తీసివేసేటప్పుడు ప్రతి కణుపూ వేరు పోసుకుంటుందని గుర్తుంచుకొని, ముక్క కూడా మిగలకుండా లాగి, సిమెంటు గచ్చు మీద పూర్తిగా ఎండబెట్టాలి. కాలువలోకి మాత్రం విసరకూడదు, ఆ నీరు ఎన్ని ఊళ్లకు వెళుతుందో మనకు తెలిసినదే.

మనం దేశవాళీ అనుకునేవి కూడా అన్నీ మనవి కావు. గట్ల మీది గడ్డి చామంతి అమెరికా ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చినదే. వయ్యారిభామ సంగతి వేరే చెప్పనక్కరలేదు. వీటిలో సహదేవి మాత్రం ఆసియా, ఆఫ్రికా ఖండాల సొంత మొక్క. లేత ఊదా పూలు పూసే ఆ చిన్న మొక్క మన దొడ్లలో గోడ వారన, అరనీడలో దానంతట అదే మొలుస్తుంది. కోనసీమదొడ్డి గారి కట్ట మీద ఏనుగడుగుల మధ్య ఖాళీల్లో దానిని ఉండనిస్తే, ఒకటి పూయని నెలల్లో మరొకటి పూస్తుంది.

సీతాకోకలజాడ | నవంబరు 17

పిన్నిగారూ, సహదేవిని తప్పకుండా ఉంచండి. నేను రాజమహేంద్రవరంలో సీతాకోకచిలుకలను గమనిస్తూ ఉంటాను. పువ్వు ఎంత చిన్నదైనా దాని మీద చిన్న నీలి సీతాకోకలు, గడ్డి పసుపు సీతాకోకలు వాలడం తరచూ చూశాను. సహదేవి కూడా ఉన్న ఈ పొద్దుతిరుగుడు కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి గొట్టాల్లాంటి ఎన్నో చిన్న పూల గుంపు. బడి పుస్తకంలో శీర్షవత్ పుష్పవిన్యాసం అని చదువుకున్నది ఇదే. ఒకసారి వాలిన సీతాకోక కదలకుండానే ఒకదాని తరువాత ఒకటిగా ఆ గొట్టాల్లో నాలుక ముంచి తాగవచ్చు. అందుకే మనకు కనిపించనంత చిన్న పువ్వు కూడా వాటికి నిండిన విస్తరి.

కోనసీమదొడ్డి | నవంబరు 18

సహదేవి మా దొడ్డిలో ఉండేదమ్మా. ఈ మధ్య ఎందుకు కనిపించడం లేదా అని ఆలోచిస్తే, కారణం నా చేతిలోనే ఉంది. మా ఇంట్లో తెల్లవారగానే దొడ్డి అంతా చీపురుతో గీరి ఊడ్చి, రాలిన ఆకులన్నీ ఒక మూల పోగు చేసి తగలబెట్టడం అలవాటు. నేల అద్దంలా ఉండాలని మా అత్తగారు నేర్పారు. మొలక రెండాకులు విప్పేలోపే చీపురు కిందికి వెళ్లిపోతోంది. మా అమ్మాయి ఓక్ ఆకులు ఊడ్చనని రాసినప్పుడు ఈ విషయం నాకు తట్టలేదు. ఇకమీదట ముంగిలి వరకే ఊడుస్తాను. ఆ పది గజాల జాగా ఊడ్వవద్దని పనిమనిషికి కూడా చెప్పాను.

ఏజెన్సీదారి | జనవరి 8

ఏనుగడుగు విత్తనాలు పండాయి. ఎవరూ అడవిలోకి వెళ్లి మొక్కలు పీకకండి. 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన పాపికొండల అడవిలోనూ, ఇతర రక్షిత అడవుల్లోనూ మొక్కలు తవ్వి తేవడం నేరం. నేను మా బడి ఆవరణలోనివే, అదీ పదింటిలో రెండు కాడల విత్తనాలు మాత్రమే తీసుకున్నాను. కాడ కొసన ఆ మూడాకుల దోసిలి గోధుమ రంగుకు తిరిగి, వేలితో నలిపితే పొడి రాలినట్టు గింజలు రావాలి. ఒక్కో గింజకు పైన బిరుసైన సన్నని వెంట్రుకలు నాలుగైదు ఉంటాయి. ఈ పొద్దుతిరుగుడు కుటుంబంలోని కొన్నింటిలా ఇది దూదిలా ఎగిరిపోదు, బట్టలకు అంటుకుంటుంది. నా లుంగీ అంచున దొరికినవి కూడా పొట్లంలో వేశాను. బడి ప్రహరీ కొత్తగా కట్టడానికి పునాది తీస్తున్న చోట ఉన్న నాలుగు మొక్కలను వేళ్లతో సహా తీసి కుండీల్లో పెట్టాను. అవి ఎలాగూ పోయేవే. సంక్రాంతికి ఊరు వస్తూ కోనసీమదొడ్డి గారికి అందజేస్తాను.

కడియంనారు | జనవరి 9

మొక్కలను వేసవి అయ్యేదాకా కుండీల్లోనే, నీడలోనే ఉంచండి. విత్తనాల్లో సగం ఇప్పుడు వేయండి, సగం కాగితపు పొట్లంలో ఉంచి మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక వేయండి. లోతుగా కప్పవద్దు, ఇసుక కలిపిన మట్టి మీద జల్లి, పైన జల్లెడ పట్టిన ఇసుక కనిపించీ కనిపించనంత చాలు. ఈ మొక్కకు చలి అవసరం లేదు, తడీ వెచ్చదనమూ ఉంటే సరిపోతుంది.

కోనసీమదొడ్డి | ఏప్రిల్ 27

కాలువలకు నీళ్లు కట్టేశారు. బోరు నీరు ఈ నెలలో కొంచెం ఉప్పు తగులుతుంది, అందుకని వర్షపు నీటి తొట్టిలో మిగిలిన నీటినే కుండీలకు రెండు రోజులకొకసారి పోస్తున్నాను. నాలుగు మొక్కల్లో ఒకటి పోయింది. మిగతా మూడింటి అంచు ఆకులు ఎండాయి గానీ నడిమి చిగురు పచ్చగా ఉంది. జనవరిలో వేసిన విత్తనాల్లో మొలిచినవి ఐదో ఆరో, వాటిలో ఇప్పటికి నిలిచినవి రెండు.

లంకరైతు | ఏప్రిల్ 28

రోహిణి కార్తె దాటేదాకా వాటిని కదపకండి అమ్మా. కట్ట మీద ఇప్పుడే ఎండు కొబ్బరి ఆకు, పనస ఆకు పరిచి ఉంచితే తొలకరికి అడుగున వానపాములు చేరి మట్టి గుల్లబారుతుంది.

కోనసీమదొడ్డి | జులై 20

జూన్ మూడో వారంలో మూడు మొక్కలను కట్ట మీద నాటాను. మృగశిరలో రెండు మట్టి చిప్పల్లో వేసిన విత్తనాలు మూడో వారానికి మొలిచాయి, పట్టుమని పాతిక ఉంటాయి. మొదటి రెండు ఆకులూ గుండ్రంగా, నున్నగా ఉండి ఏ మొక్కో పోల్చుకోలేనట్టు ఉన్నాయి. మూడో ఆకు వచ్చాక వేలు పెట్టి చూస్తే గరుకు తగిలింది. వాటి మధ్య మొలిచిన వయ్యారిభామను కూడా అప్పుడే గుర్తు పట్టగలిగాను. దాని ఆకు అప్పటికే అంచున చీలడం మొదలు పెట్టింది. చేతికి సంచి తొడుక్కుని తీసేశాను.

ఊడ్వడం మానిన జాగాలో సహదేవి తొమ్మిది చోట్ల మొలిచింది. విత్తనం నేను వేయలేదు.

రాజోలుపెరడు | ఆగస్టు 30

గోదావరి వరద వచ్చిందిగా, మీ కట్ట ఎలా ఉంది?

కోనసీమదొడ్డి | ఆగస్టు 31

మా జాగాలోకి వరద నీరు రాలేదు, వాన నీరే మూడు రోజులు చీలమండ లోతు నిలిచింది. కట్ట పైన ఉన్నవి క్షేమం. కట్ట దిగువ అంచున నేను చోటు చాలక నాటిన నాలుగు నారు మొక్కలు కుళ్లిపోయాయి. లాగితే వేరు చేతికి రాకుండా కాడ ఒక్కటే వచ్చింది. కడియంనారు గారు గొయ్యి పరీక్ష ఎందుకు చెప్పారో ఇప్పుడు ఇంకా బాగా తెలిసింది. తుపాన్ల కాలానికి ముందే కట్టను మరో జానెడు ఎత్తు చేయిస్తున్నాను.

మొక్కలమాస్టారు | సెప్టెంబరు 1

ఎత్తు పెంచేటప్పుడు మొక్కల నడిమి చిగురు మట్టిలో కూరుకుపోకుండా చూడండి. నేలను అంటి ఆకులు విచ్చే మొక్కలకు ప్రాణం ఆ చిగురులోనే ఉంటుంది. అంచులకే మట్టి వేయించి, మధ్యకు ఆకు ఎరువు పలుచగా పరవండి.

కోనసీమదొడ్డి | నవంబరు 12

నాగుల చవితి మరునాడు మొదటి కాడ లేచింది. ఈ ఉదయం విప్పింది. ఏజెన్సీదారి గారు రాసినట్టే మూడాకుల దోసిలి, అందులోంచి లేత ఊదా కుంచె. నేను కింద కూర్చుని చూశాను. ఆ దోసిలి ఆకులకు కూడా అంచున సన్నని నూగు ఉంది, దాని మీద మంచు బొట్లు నిలిచి ఉన్నాయి. తొమ్మిది గంటలకు కొబ్బరాకుల సందులోంచి ఎండ పొడ సరిగ్గా దాని మీద పడినప్పుడు ఒక చిన్న తేనెటీగ వచ్చింది, తరువాత ఇంకొకటి. పక్కనే సహదేవి మీద చిన్న నీలి సీతాకోక ఉంది.

నారు నుంచి పెంచినవి ఇంకా ఆకుల దగ్గరే ఉన్నాయి, ఈ ఏడాది పూసేలా లేవు. బడి నుంచి వచ్చిన మూడింటిలో రెండు కాడలు వేశాయి. మా అమ్మాయికి ఫోనులో చూపిస్తే, తన దగ్గర మొన్నటి మంచుకు తెల్ల ఆస్టర్ కాడలన్నీ నల్లబడి పడిపోయాయనీ, విత్తనాలు పిట్టల కోసం ఉంచేసిందనీ చెప్పింది.

పెన్సిల్వేనియాఅమ్మాయి | నవంబరు 12

అమ్మా, చూపించిన తరువాత ఆ ఫోటోను ఇంకా పెద్దది చేసి చూస్తూనే ఉన్నాను. ఆ జాగాలో నేను చిన్నప్పుడు ఆడుకునేటప్పుడు ఒక్క పువ్వు కూడా ఉండేది కాదు. వచ్చే ఏడు ఈ నెలలోనే వస్తాను.

ఏజెన్సీదారి | నవంబరు 13

చాలా సంతోషం. మా బడి పిల్లలకు మీ ఫోటో చూపించాను, అది వాళ్ల మొక్కేనని పోల్చుకున్నారు.

కోనసీమదొడ్డి | నవంబరు 14

పిల్లలకు నా ఆశీస్సులు చెప్పండి. జనవరిలో గింజ పండగానే కాగితపు పొట్లాలు కడతాను. రాజోలుపెరడు గారూ, మీ నాన్నగారి నేలవేము ఉన్న చోటు కోసం మొదటి పొట్లం మీకే తీసి ఉంచుతాను. మా పక్క ఊళ్లో ఒకరి దొడ్డిలో పాత నేలవేము ఉందని విన్నాను, ఆ విత్తనం కూడా అడిగి పెడతాను. పనస కింది సగంలో మాత్రం ఇప్పటికీ ఏమీ మొలవలేదు. అక్కడ ఎండ పొడ అసలు లేదు కాబట్టి, వేసవి ముందు ఆ చెట్టు కింది కొమ్మలు రెండు తీయించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. కడియంనారు గారు కొమ్మ ఎక్కడికి కోయాలో చెబితే, కాయలు దిగాక మనిషిని పిలిపిస్తాను.